రెగ్యులేటర్‌కు పెట్టిన బొట్టు

రేపు పొద్దున్నే మానేరు డ్యామ్‌లో దిగి గేటు అడుగుభాగం చూసి రావాలి. దసరా బద్ధకంతో డైవింగ్ సామాను ఈ సాయంత్రం దాకా ముట్టుకోలేదు. సిలిండర్‌కు, ఊపిరికి గాలి అందించే రెగ్యులేటర్ బిగించి వాల్వ్ తిప్పగానే, నోట్లో పెట్టుకునే భాగంలోంచి బుస్సుమని గాలి! మూసి తెరిచాను, తట్టాను, ఊడదీసి మళ్లీ బిగించాను. ఆగదే! గాలి ఎంతుందో చూపే గేజీలో ముల్లు పడిపోతోంది. దీన్ని బాగుచేసేవాళ్లు కరీంనగర్‌లో ఎవరున్నారు?

టార్చి వేసి చూస్తే, గాలి వదిలే బటన్ చుట్టూ పసుపు గట్టిగా ఎండిపోయి ఉంది. బటన్ సగం లోపలే ఇరుక్కుంది. దాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు.

"అవ్వా! దీన్ని ఎవలు ముట్టిన్రు?" అని అమ్మను కేకేశాను.

"నేనే బిడ్డా. పండుగ నాడు మీ బాపు బట్ట నేసే సాంచెకు బొట్టు పెట్టిన. నీ దానికి పెట్టద్దా? నీళ్లల్ల నీ పానం దాని మీదనే ఉంటదంటివి గదా!"

ఆ భాగాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పాత బ్రష్‌తో మెల్లగా కడిగాను. బటన్ పైకి లేచింది, బుస ఆగింది. అయినా నమ్మకం కుదరక ఇంకా ఊపిరి పీల్చి చూస్తూనే ఉన్నాను. పీల్చినప్పుడల్లా పసుపు వాసనే.

మీ ఇంట్లో దసరా బొట్టు ఏ మిషన్‌ను ఆపిందో చెప్పండి, కొంచెం ధైర్యంగా ఉంటుంది. నేనైతే ఇప్పుడే అవ్వను పిలిచి, సిలిండర్ మీద బటన్లేమీ లేని చోట మళ్లీ బొట్టు పెట్టించుకున్నాను.