హన్నమ్మ పంతులమ్మ, పదిహేడు పిడతలు

హన్నమ్మ పంతులమ్మ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు ఆ లంకలో లేరు. పాఠం చెబుతూ తిరిగేది. అన్నం కూడా గుమ్మంలో నిలబడే తినేది. ఏలూరు మిషను బోర్డింగులో గంట కొడితే లేచి, గంట కొడితే పడుకుని పెరిగిన తల్లీ తండ్రీ లేని పిల్ల. ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి మూడు ఊళ్ళు మారింది. పెదపాడు దాటి కొల్లేటి వైపు పోతే చిట్టచివర వచ్చే ఈ లంక నాలుగోది. ఇక్కణ్ణించి ఎప్పుడు కదులుదామా అని ఒక మనసు, కదిలి ఎక్కడికి పోతావని ఇంకో మనసు.

తాటాకు గుడి ఒకటే గది. ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో బడి. పిల్లలు పదిహేడుమంది. సగం క్రైస్తవుల పేటవాళ్ళు, సగం చేపలు పట్టే ఇళ్ళవాళ్ళు.

1934 మార్చి. ఎండలు ముదిరి కొల్లేరు రోజుకింత వెనక్కి పోతోంది. పిల్లల చూపంతా బయటే. హన్నమ్మకీ పాఠం మీద మనసు నిలవడం లేదు. ఈస్టరుకి మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం ఎక్కం సగంలో ఆపేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని కుమ్మరి మణెమ్మ ఇంటికి నడిచింది.

"ఆవంలో కాలేటప్పుడు వంకరపోయిన పిడతలేవైనా ఉన్నాయా మణెమ్మగారూ?"

"పారేసేవేనండీ, పట్టుకెళ్ళండి. మా తమ్ముడు తాడేపల్లిగూడెంలో ఉన్నాడండి. వాడికో ఉత్తరం ముక్క రాసిపెడుదురూ."

ఉత్తరం రాసిచ్చి, తలకో పిడత తెచ్చుకున్నారు. రంగులు వేసి, చంద్రకాంత గింజలు నాటి, పండగనాడు గుడి మెట్ల మీద వరసగా పెట్టాలని హన్నమ్మ ఆలోచన. సున్నం, జేగురు, పొయ్యి మసి, చిక్కుడాకు పసరు పోగుచేశారు. చెదరకుండా తుమ్మజిగురు కలిపారు. ఈతపుల్ల చివర నమిలితే కుంచె.

ముందు అందరూ సున్నం పూశారు. గంగాభవాని అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఆ తడి ఆరకుండానే పసుపు రాసింది. పసుపు కాస్తా ఎర్రబడింది. పిల్లలు కేకలు పెట్టారు. ఇంకేముంది, ఊళ్ళో పసుపుకొమ్ములన్నీ బడికొచ్చాయి. నాలుగు రోజులు ఒక్కరూ బడి మానలేదు.

ఐదోనాడు గంగాభవాని తల్లి ముత్యాలమ్మ వచ్చింది. మొగుడు పోయాక దోనె నడిపి, వల వేసి ఇల్లు లాక్కొస్తున్న మనిషి. గుమ్మం బయటే ఆగింది.

"పసుపూ ఎరుపూ పూసిన కుండని ఏమంటారండి పంతులమ్మగారూ? గరగ అంటారండి. గరగ అమ్మోరిదండి. నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తాం. దాన్ని తీసుకెళ్ళి మీ గుడిలో పెడతారా?" అని పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఆ సాయంత్రమే సంఘపెద్ద ఎలీయాజరుగారు వచ్చారు. వరసలో ఆరుతున్న పిడతల్ని కర్రతో చూపించారు.

"ఇవేంటమ్మా, గరగల్లాగా? పసుపు రాసిన కుండలు దేవుడి మందిరంలోనా? నేను పెట్టనివ్వను. ఏలూరు మిషను దొరసానమ్మగారికి రాస్తాను."

ఇద్దరి నోటా అదే మాట. ఆయన వెళ్ళాక హన్నమ్మ ఒక్కతే పకపకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఏలూరు నుంచి ఏం జవాబొస్తుందో! రోజూ పెదపాడు నుంచి వచ్చే దోనెకి ఎదురెళ్ళి "ఉత్తరాలున్నాయా?" అని అడిగేది. లేవంటే గట్టు పొడుగునా నడిచి, మళ్ళీ అదే గట్టున వెనక్కి వచ్చేది. తక్కిన పిల్లల చేత ఆరిన పిడతల్లో మన్ను పోయించి గింజలు నాటించింది. గంగాభవాని చోటు ఖాళీగా కనబడుతోంటే పాఠం సాగడం లేదు.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు హన్నమ్మ ఆ పిల్ల పిడతని చేతబట్టుకుని ముత్యాలమ్మ ఇంటికి వెళ్ళింది. ముత్యాలమ్మ వల బాగుచేసుకుంటోంది.

"మీరు దీన్ని చూడలేదు. ఒక్కసారి చూడండి. తర్వాత పగలగొట్టినా నేనేమీ అనను."

ముత్యాలమ్మ అటూ ఇటూ తిప్పింది. ఎర్రటి నీళ్ళ మీద నల్లటి దోనె. అందులో తలగుడ్డ చుట్టి, గెడ వేస్తున్న ఆడమనిషి.

"ఎవత్తే ఇది?"

"నువ్వే," అంది గంగాభవాని తలుపు వెనకనుంచి.

ముత్యాలమ్మ పిడతని వెలుతురుకి పట్టి మళ్ళీ చూసుకుంది. ఆఖరికి, "నా ముక్కు మరీ అంత పొడుగా?" అంది. పిల్ల నవ్వింది. ముత్యాలమ్మ పంతులమ్మ వైపు తిరిగింది. "ఇది మీ గుడికీ రాదండి, గరగలోకీ పోదండి. నా ఇంట్లో ఉంటది."

పదిహేడూ ఒక వరసలో చూడాలని హన్నమ్మకి ఎంత ఆశో. అయినా "అలాగేనండి," అంది. బడికి తిరిగొచ్చి తక్కిన పదహారూ ఎవరివి వాళ్ళకి ఇచ్చి పంపేసింది.

ఈస్టరు ఉదయం గుడి మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఎలీయాజరుగారు తృప్తిగా ప్రార్థన చేసి ఇంటికి బయల్దేరారు. పేటలో బడిపిల్లలున్న ప్రతి ఇంటి అరుగు మీదా ఒక రంగు పిడత. ఆయన మనవరాలు సలోమి అప్పుడే తన పిడతకి నీళ్ళు పోస్తోంది. "తాతా, రెండాకులు!" అంది. ఆయన వంగి చూశారు.

ఏలూరు నుంచి ఉత్తరం మరో పదిరోజులకి వచ్చింది. వేసవి సెలవుల తర్వాత గణపవరం వైపు బడికి బదిలీ. కారణం రాయలేదు. రెండేళ్ళుగా కోరుకున్నదే చేతికొచ్చింది. హన్నమ్మ మాత్రం ఇక్కడే ఉంచమని జవాబు రాసింది. కుదరదన్నారు. ఉత్తరం రాసిన ఎలీయాజరుగారే వచ్చి, "నేను బదిలీ చెయ్యమని రాయలేదమ్మా, కుండల సంగతే రాశాను," అన్నారు. ఆయన గొంతు తగ్గింది. "తెలుసండి," అంది హన్నమ్మ. నిజానికి ఆమెకు తెలియదు.

వెళ్ళేరోజున ముత్యాలమ్మే దోనె తెచ్చింది. నీళ్ళు లోతు లేక దోనె మాటిమాటికీ బురదకి ఆనుకుంటోంది. అలవాటు లేనివాళ్ళు దోనెలో నిలబడే వీలు లేదు గనక హన్నమ్మ పెట్టె మీద కూర్చుంది. సగం దూరం వెళ్ళాక ముత్యాలమ్మ గెడ ఆపింది.

"ఏలూరు బోర్డింగులో మా పిల్లని చేర్చుకుంటారేంటండీ? మతం మారమంటారా?"

"నాకు తెలీదండి. అడుగుతాను. మారమంటే, ఉన్నదున్నట్టు మీకు చెబుతాను."

"ఆయ్. అడగండి మరి," అని ముత్యాలమ్మ గెడ వేసింది.

గణపవరం పోయేముందు హన్నమ్మ ఏలూరు వెళ్ళింది. దిగిన రోజునే బోర్డింగులో అడిగింది. మారనక్కర్లేదు, ప్రార్థనకి మాత్రం కూర్చోవాలన్నారు. ఆ మాటే ముత్యాలమ్మకి కబురు పంపింది. జూన్ నెలాఖరున తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఏలూరు బోర్డింగు గేటు ముందు నిలబడ్డారు.