చేతులు వణకని నెల

ఆ రోజు తెల్లవారేసరికి నేను ఇంటి గోడలన్నీ కడిగేశాను. రెండు రోజులుగా కునుకు లేదు, అయినా ఒంట్లో అలుపు లేదు. మా అమ్మాయి సునీత లేచి, తడిసిపోయిన తన పుస్తకాలు చూసి, "అమ్మా, ఏటిది? నీకేటైనాది?" అంది. నాకు నవ్వొచ్చింది. ఎంతసేపటికీ ఆగలేదు. నవ్వుతూనే భయం వేసింది, ఈ నవ్వు నాది కాదని.

మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయి అప్పటికి ఏడాది నిండలేదు. మాది కోటబొమ్మాళి పక్క ఊరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే ఇదంతా సునీతే రాస్తోంది.

ఆ నవ్వు, దానితోపాటు ఆగని వాగుడు కొన్నాళ్లు నడిచాయి. తర్వాత ఒక పొద్దున్న మంచం మీద నుంచి లేవలేకపోయాను. స్నానం లేదు, తల దువ్వుకోవడం లేదు. నోట్లో ముద్ద పెడితే నమలడం కూడా కొండ ఎక్కినట్టుండేది. ఊళ్లోవాళ్లు మొగుడి మీద బెంగ అన్నారు. సునీత ఒప్పుకోలేదు. బస్సెక్కించి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ అంతా విని, "దీన్ని బైపోలార్ అంటారమ్మా. మనసు పట్టు తప్పి పైకి పోతే మేనియా, కిందికి పడిపోతే డిప్రెషన్. రెండూ ఒకే జబ్బు. షుగరుకి వాడినట్టు మందు వాడుతూనే ఉండాలి" అంది. లిథియం బిల్లలు రాసింది. అప్పుడప్పుడు వచ్చి లిథియం లెవెల్, థైరాయిడ్, కిడ్నీ టెస్టులు చేయించుకోవాలంది. కిడ్నీ అనేసరికి నాకు మా ఆయన గుర్తొచ్చాడు. మా ఆయన కథ మొదలైంది ఆ టెస్టుతోనే.

బిల్లలు పని చేశాయి. నిద్ర పట్టింది. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని దొరికింది. పొద్దున్నే పాసింజరు రైల్లో వెళ్లి సాయంత్రం తిరిగి రావడం. పిక్కలు వేయించి, పగలగొట్టి తీసిన పప్పు మీది పొట్టును చిన్న చాకుతో గీకాలి. పప్పు విరగకుండా గుండుగా వస్తేనే మంచి కూలి. బద్దలైతే సగం కూడా రాదు. మరీ ఎక్కువ విరిచేవాళ్లను పనిలోకి రానివ్వరు. సునీత చదువు, ఇంటి తిండి అంతా ఆ గుండుపప్పు మీదే.

అలాంటి పనిలో నా చేతులు వణకడం మొదలైంది. బిల్లల వల్లేనని నాకు లోపల తెలుసు. ముందు గాజులు చప్పుడయ్యేవి. తర్వాత పప్పు విరగడం మొదలైంది. మా మేస్త్రీ అప్పలనర్సమ్మ నా బల్ల దగ్గర ఆగి, "ఒసే, పప్పు గీకుతన్నావా, నూకలాడిస్తన్నావా?" అంది. పక్కవాళ్లు నవ్వారు. వాళ్లు అటు తిరిగాక నా చెవి దగ్గరకొచ్చి, "ఓనరు సూసినాడే. ఈ నెల సూస్తానన్నాడు. సేతులు సూసుకో" అంది.

డాక్టరమ్మకు చెప్పాలని నాకు తోచలేదు. ఆవిడ మనసు డాక్టరు, చేతుల సంగతి ఆవిడకెందుకు అనుకున్నాను.

మాది బాప్టిస్టు చర్చి. ఆ వారం స్త్రీల ఉపవాస ప్రార్థన జరిగింది. నా చేతుల కోసం అందరూ తల మీద చేయి పెట్టి ప్రార్థించారు. నాకు ఒళ్లంతా వెచ్చబడింది. లేచి నిలబడి, దేవుడు నన్ను ముట్టాడు, నాకు ఇక జబ్బు లేదు అని అందరి ముందూ సాక్ష్యం చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. మందులు మానమని పాస్టరుగారు అనలేదు, ఆ మాట చెప్పాలి. కానీ బయటికొచ్చాక మా దీనమ్మ వదిన నా చేయి పట్టుకుని, "సాచ్చెం సెప్పినాక మల్లీ బిల్ల మింగుతావేటి? దేవుణ్ణి అబద్దికుణ్ణి సేస్తావా?" అంది. మా వాళ్లలో సాక్ష్యం చెప్పి వెనక్కి తీసుకోవడం చిన్న సంగతి కాదు. ఆ సాయంత్రం నుంచి బిల్లలు మానేశాను.

కొద్దిరోజులకే చేతులు నిలిచిపోయాయి.

వణుకు పోయింది. పప్పు గుండుగా రాలుతోంది. అప్పలనర్సమ్మ నోరు తెరిచింది. "ఓలమ్మా! సేతులకి తాళమేసినట్టు ఆగిపోనాయే! మీ దేవుడితో నా మోకాళ్ల సంగతి కూడా సెప్పే" అంది. ఓనరు నా బల్ల దగ్గర నిలబడి చూసి వెళ్లాడు. దీనమ్మ వదిన ఊరంతా చెప్పింది. ఆ నెలంతా నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. సునీత ఒక్కతే అన్నం దగ్గర నా ముఖంలోకి చూసేది. "అమ్మా, రేతిరి పడుకున్నావా?" "పడుకున్నాను." "బిల్ల ఏసుకున్నావా?" "ఏసుకున్నాను లేవే." పప్పు గీకుతుంటే ఒక్కో పప్పు లోపల దీపం ఉన్నట్టు మెరిసేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నెల చివర ఒక సాయంత్రం, ప్యాకింగుకు పెట్టిన గుండుపప్పు సంచి ఒకటి భుజాన వేసుకుని గేటు దాటాను. దాక్కోలేదు. నవ్వుతూ నడిచాను. ఎవరో పంపించారనుకుని వాచ్‌మన్ ఆపలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి దోసిళ్లతో పంచాను. "తినండి, తినండి, ఎంత తిన్నా తరగదు!" ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేల మందికి పెట్టిన ప్రభువు నాతో పెట్టిస్తున్నాడనే నా నమ్మకం. జనం మూగారు. "ఏటప్పా, ఎలచ్చన్లొచ్చినాయేటి?" అని ఒకాయన దోసిలి పట్టాడు. అవతలి ప్లాట్‌ఫారం వాళ్లు చూస్తూ ఉన్నారు. వాళ్లకి అందలేదే అనిపించింది. సంచి ఎత్తుకుని పట్టాల మీదికి దిగాను.

గూడ్సు కూత నాకు వినిపించింది. అది నా కోసం ఆగుతుందనుకున్నాను.

సంచి సంగతి తెలిసి ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చిన అప్పలనర్సమ్మ వెనకనుంచి నా జుట్టుముడి పట్టుకుని లాగింది. ఇద్దరం కంకర మీద పడ్డాం. బండి మా కాళ్ల పక్కనుంచి పోయింది. పెట్టెలన్నీ పోయేదాకా ఆవిడ నా జుట్టు వదల్లేదు. నేను ఏడ్చాను. బతికినందుకు కాదు, పప్పు పట్టాల మీద పోయిందని.

నన్ను విశాఖపట్నం మానసిక ఆసుపత్రిలో చేర్చారు. ఇంజెక్షన్లు, మత్తు, తర్వాత మళ్లీ ఆ కిందికి పడిపోవడం. ఈసారి మరీ లోతు. గోడ వైపు తిరిగి పడుకుంటే అప్పుడు ఆ బండి తగిలి ఉంటే బాగుండునని అనిపించేది. ఆ మాట సునీతతో అన్నాను. అప్పటినుంచి పిల్ల నన్ను విడిచి బాత్రూముకు కూడా వెళ్లలేదు.

తిరిగొచ్చాక శ్రీకాకుళం డాక్టరమ్మ నా కథంతా విని అడిగింది: "చేతులు వణికి పని పోయేలా ఉందని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అది మీకెందుకు సెప్పడమని..."

"లెవెల్ చూసి డోసు సర్దేదాన్ని. వణుక్కి వేరే మాత్ర ఉంది. అలా ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబడుతుంది."

మళ్లీ లిథియం మొదలుపెట్టాం. ఫ్యాక్టరీకి వెళితే ఓనరు గేటు దగ్గరే ఆపాడు. "దొంగతనమో, పిచ్చో నాకు తెల్దు. ఏదైనా లోపలికి రానిచ్చీది లేదు" అన్నాడు.

అప్పలనర్సమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "దొంగైతే ఇంటికి ఎత్తుకెల్తాది గానీ ఊరందరికీ పంచుతాదేటి బాబూ? దీని సేతికి పొట్టు గీకే సాకు ఇవ్వకండి. గ్రేడింగు బల్ల కాడ కూకోబెట్టండి. నా కళ్ల ముందే ఉంతాది."

చాలాసేపటికి ఒప్పుకున్నాడు. "ఇంకొక్కసారి తేడా వస్తే మాత్రం గేటు బయటే" అన్నాడు. తెల్లవీ, మచ్చవీ, బద్దలూ ఏరి వేరు చేసే పని. కూలి తక్కువ. చేతులు కాస్త వణికినా అక్కడ ఫరవాలేదు. ప్రార్థన ఇప్పుడూ మానలేదు. బిల్ల నాలుక మీద పెట్టుకునే చేస్తాను. దీనమ్మ వదిన నాతో మాట్లాడటం లేదు.

రెండేళ్లు ఇలా గడిచాయి. నిన్న ఓనరు వచ్చి, "అందరికన్నా నువ్వే ఎక్కువ ఏరినావు, బాగున్నాది" అన్నాడు. చేతులు వణకని ఆ నెల కూడా నన్ను అందరూ ఇలాగే మెచ్చుకున్నారు. బిల్లలు తప్పలేదు. కానీ అంతకు ముందు రెండు రాత్రులు నిద్ర తొందరగా తెగింది. పప్పు మళ్లీ కాస్త మెరుస్తోంది. అప్పలనర్సమ్మతో లీవు కావాలన్నాను.

"మెచ్చుకున్న రోజే లీవడిగినదాన్ని నిన్నొక్కదాన్నే సూసినాను" అంది. తర్వాత నా కళ్లలోకి చూసింది. "పో. ఇప్పుడే పో. ఓనరుకి నాను సెప్పుకుంతాను."

ఇది సునీత ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తోంది. లిథియం లెవెల్‌కి, కిడ్నీకి రక్తం తీశారు. కిందటిసారి టెస్టులోనే కిడ్నీ నంబరు కొంచెం కదిలిందని డాక్టరమ్మ అంది. మందు మార్చాల్సి వస్తే మార్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలంది.

నేను చెప్పేది ఒక్కటే. మందు మీ పనికి అడ్డొస్తే, మానేసే ముందు ఆ మాట డాక్టరుకు చెప్పండి. వణుకు గానీ, మత్తు గానీ, దాహం గానీ. మీరు చేసే పనేమిటో, దానికి చేతులు ఎలా ఉండాలో కూడా చెప్పండి. వాళ్లు మన బల్ల దగ్గర కూర్చోలేదు, వాళ్లకి తెలియదు.

రిపోర్టు రేపు ఇస్తారు. ఎల్లుండి పొద్దున్న పాసింజరుకు వెళతాను. ఓనరు దీన్ని కూడా తేడా కింద లెక్కేసి ఆపుతాడో, లోపలికి రానిస్తాడో గేటు దగ్గర తెలుస్తుంది.