ఎదురింటి అక్క, నీలం అక్షరాలు

మా ఎదురింటి అక్క కిందటి నెలలో ఒక ఆదివారం ఉదయం పోయింది. వాళ్ళాయన, మా బావగారు, ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేసరికి నేను పెరట్లో రంగు వేసిన ఊలు ఆరేస్తున్నాను. “షమీమ్, మీ అక్క ఇక లేదమ్మా” అన్నారు ఆయన. ఆ తరువాత కూడా ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు. అటునుంచి ఎవరో మందుల చీటీ గురించి అడుగుతున్న గొంతు వినిపిస్తూనే ఉంది.

అక్క నాకు రక్తసంబంధం కాదు. ఏలూరులో మా వీధికి ఆవిడ ఒక ఇంటి కోడలిగా వచ్చింది, నేను ఎదురింటి కోడలిగా వచ్చాను. ఆవిడ పుట్టిల్లు మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున. వరి చేలూ చేపల చెరువులూ ఉన్న కుటుంబం. తాడేపల్లిగూడెంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి, ఆ తరువాత ఇంట్లో ముందుగదిలోనే కూర్చుని చుట్టుపక్కల వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసేది.

కంప్యూటర్‌ను కూడా ‘మీరు’ అనే పిలిచేది. “ఏవండీ, కాస్త తొందరగా తెరుచుకోండి” అని తెరతో అంటుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు బావగారితో అంటోందనుకుని లోపలికి తొంగిచూసేవాళ్ళు. ఒక పేజీ రాయడం అయిపోతే దాన్ని ఎవరిచేతైనా పైకి చదివించుకుని, కళ్ళు మూసుకుని వినేది. పాలుపోసే ఆయన దగ్గర్నుంచి నా వరకూ వీధిలో ఆ పని చెయ్యనివాళ్ళు లేరు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తే ఆవిడ కనుబొమలు దగ్గరపడేవి. “అక్కడ చెవికి తగిలిందండీ” అనేది. అంతే, ఆ వాక్యం మారిపోయేది.

మాది తివాచీలు నేసే ఇల్లు. మా అత్తగారి చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో ఆవిడకే తెలియదు. ఊళ్ళో కొనేవాళ్ళు తగ్గాక మా ఆయన ఒక వెబ్‌సైట్ పెట్టించి, దాన్ని సెర్చ్‌లో పైకి తెస్తామన్న ఒక మార్కెటింగ్ సంస్థకు అప్పగించారు. మొదట్లో బాగానే ఉంది. రోజూ ఎక్కడెక్కడినుంచో ఫోన్లు వచ్చేవి. తరువాత ఒక వేసవిలో ఉన్నట్టుండి మా సైట్ సెర్చ్‌లో కనిపించడం మానేసింది. మా పేరు పూర్తిగా కొట్టి వెతికితే తప్ప దొరకదు. ఫోన్లు ఆగిపోయాయి. ఆ సంస్థవాళ్ళు ఎత్తడం మానేశారు. అత్తగారు ఒకరోజు మగ్గం మీద పాత దుప్పటి కప్పేసి, “దుమ్ము పడకుండా” అన్నారు. ఆ ఇంట్లో పగటిపూట మగ్గం మీద దుప్పటి చూడటం నాకు అదే మొదటిసారి. మా ఆయన విజయవాడలో ఒక ఫర్నిచర్ షాపులో ఉద్యోగం గురించి వాకబు చెయ్యడం మొదలుపెట్టారు.

అప్పుడు అక్కను పిలిచాం. ముందే ఎందుకు పిలవలేదని ఆవిడ అడగలేదు. మా సైట్ తెరిచి, ఒక్కొక్క పేజీ చివరిదాకా చూసింది.

పేజీలో నీలంగా, కింద గీతతో కొన్ని మాటలుంటాయి కదా, వాటిమీద నొక్కితే ఇంకో పేజీకి వెళ్తాం. మా సైట్‌లో ఆ నీలం మాటలన్నీ ఒక్కటే: ‘తక్కువ ధరకు ఏలూరు తివాచీలు’. రంగుల పేజీకి వెళ్ళాలన్నా అదే, మా చిరునామాకు వెళ్ళాలన్నా అదే. బయట ఆ సంస్థవాళ్ళు చేయించింది ఇంకా ఘోరం. మాకు ఏ సంబంధమూ లేని సైట్లలో, సెల్‌ఫోన్ కవర్ల గురించీ జుట్టు రాలడం గురించీ రాసిన పేజీల మధ్యలో కూడా అవే నాలుగు మాటలు నీలంగా మెరుస్తూ మా సైట్‌కి దారి చూపిస్తున్నాయి.

“అయితే ఇంకా కొన్ని పెట్టిస్తే పైకి వస్తామేమోనండి అక్కగారూ” అన్నారు మా ఆయన.

అక్క కుర్చీ ఇటు తిప్పింది. “తమ్ముడుగారూ, మన వీధికి ఎవరో సంబంధం చూడ్డానికి వచ్చారనుకోండి. కుర్రాడు ఎలాంటివాడని పది గుమ్మాల్లో అడిగారు. పదిమందీ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెప్పారు. వాళ్ళేమనుకుంటారు?”

“ఎవరో నేర్పించి చెప్పించారనుకుంటారండి.”

“అదేనండి జరిగింది. సెర్చ్ కూడా అలాగే అనుకుంది.”

మా ఆయన తల వంచుకున్నారు. “మళ్ళీ సెర్చ్‌లోకి వస్తామాండీ?” అని అడిగారు.

“మాట ఇవ్వలేనండి. దాని లెక్కలు బయటివాళ్ళెవరికీ పూర్తిగా తెలియవు. తెలుసన్నవాళ్ళ దగ్గరే మీరు ఇంతవరకూ ఉన్నారు.”

ఆ మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటికి వచ్చేది. నేను పైకి చదివేదాన్ని, ఆవిడ కళ్ళు మూసుకునేది. ఒక్కొక్క నీలం మాటా మారుతూ వచ్చింది. ‘ఈ ఎరుపు ఎలా వస్తుందంటే’, ‘చిన్న గదులకు సరిపోయేవి’, ‘మరక పడితే ఏం చెయ్యాలి’. కొన్నిచోట్ల లింకే తీసేసింది. ఏలూరు తివాచీలు అన్న మాటను మాత్రం పూర్తిగా తీసెయ్యలేదు. ఎందుకని అడిగాను.

“మీరు చేసేది అదే కదా, చెప్పుకోకపోతే ఎలా? పేరు పెట్టి పిలిస్తే తప్పేముంది? అదేపనిగా పిలిస్తేనే తంటా” అని, నా ముందు గ్లాసు జరిపి, “షమీమ్, టీ తాగు షమీమ్, చల్లారిపోద్ది షమీమ్, తాగవేం షమీమ్” అంది. మగ్గం దగ్గర కూర్చున్న అత్తగారు నవ్వారు. ఆ వేసవంతా ఆవిడ నవ్వగా నేను వినడం అప్పుడే.

బయటి సైట్లవాళ్ళందరికీ ఆ లింకులు తీసెయ్యమని అక్క మర్యాదగా రాసింది. కొందరు తీశారు, చాలామంది పలకలేదు. పలకనివాటితో మాకు సంబంధం లేదని సెర్చ్ నడిపేవాళ్ళకు తెలియజేసే దారి ఒకటుందట, అదీ చేసింది. చాలా జాగ్రత్తగా చేసింది. మంచివాళ్ళ సైట్ ఒక్కటి పొరపాటున ఆ జాబితాలో కలిసినా వాళ్ళకు ద్రోహం చేసినట్టేనని, ప్రతిదీ తెరిచి చూశాకే ముందుకు కదిలింది. ఇంత ఓపిక మనిషిలో ఎక్కడుంటుందా అని నేను ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చునేదాన్ని.

తాడేపల్లిగూడెంలో ఒక టీచరుగారు అంతకుముందు మా దగ్గర తివాచీ కొన్నారు. ఆవిడ తన ఇంటి గురించి, మొక్కల గురించి సరదాగా బ్లాగ్ రాస్తారు. మా తివాచీ గురించి కూడా రాస్తానని, మా సైట్‌కి లింకు ఇస్తానని ఫోన్ చేశారు. మా ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఏ మాటలమీద లింకు పెట్టాలో చెబుతానని ఫోన్ అందుకోబోయారు. అక్క చెయ్యి అడ్డుపెట్టింది.

“ఆవిడ ఇంట్లో వస్తువు గురించి ఆవిడ మాట్లాడుతున్నారు. మనం మాటలు అందించకూడదండీ.”

వారం పోయాక ఆ బ్లాగ్ వచ్చింది. తివాచీ అన్న మాటమీద లింకు లేదు. ఏలూరు అన్న మాటమీదా లేదు. ‘మా అత్తగారు మధ్యాహ్నం కాళ్ళు చాపుకునే చోటు’ అన్న మాటలు నీలంగా ఉన్నాయి. వాటిమీద నొక్కితే మా సైట్.

మా ఆయన ముఖం వాడిపోయింది. “ఇలా రాస్తే ఎవరికి తెలుస్తుందండీ?”

అక్క నాచేత మళ్ళీ చదివించుకుంది. మూసిన కళ్ళు తెరవకుండానే, “మనం వంద జన్మలెత్తి కూర్చున్నా ఈ మాట రాయలేం షమీమ్” అంది. మా అత్తగారు లేచి వచ్చి, “ఆ పెద్దావిడ కాళ్ళకి మెత్తగా ఉందన్నమాట” అన్నారు. వెళ్ళి మగ్గం మీద దుప్పటి తీసేశారు. ఒక్క ఆర్డరు కూడా రాకముందే తీసేశారు. ఆ గదిలో అప్పుడు ఏదో పెద్ద విషయం జరిగిందని నాకు అనిపించింది. ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

సైట్ తిరిగి కనిపించేసరికి వానలు వెళ్ళి చలి వచ్చింది. ఇప్పటికీ ఒక్కోరోజు మొదటి పేజీలో ఉంటాం, ఒక్కోరోజు ఉండం. కానీ ఫోన్లు వస్తున్నాయి, మగ్గం నడుస్తోంది. మా ఆయన విజయవాడ వెళ్ళలేదు. తరువాత ఉండి అనే ఊరి నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో కొన్నవాళ్ళు తమకు తోచినట్టు మా గురించి రాస్తూ వచ్చారు. ఏ ఇద్దరి మాటా ఒకటి కాదు. అవి చదవడానికి అక్క మా ఇంటికి పరుగెత్తుకుని వచ్చేది, పండక్కి కొత్త బట్టలు చూడ్డానికి వచ్చినట్టు.

జబ్బు సంగతి మాకు చాలా ఆలస్యంగా చెప్పింది. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళినరోజు, నేను సొంతంగా రాసిన ఒక పేజీ చదవమంది. మంచం పక్కన కూర్చుని చదివాను. అయ్యాక, “ఎక్కడా తగల్లేదు” అంది. చాలా నీరసంగా ఉంది, అయినా ఆ మాట స్పష్టంగా అంది.

పెద్దకార్యం పుట్టింటివాళ్ళ కోరిక మీద మండవల్లిలో చేశారు. నేనూ అత్తగారూ వెళ్ళాం. భోజనాలయ్యాక అక్క వాళ్ళ అమ్మగారు నా చెయ్యి పట్టుకుని చెరువు గట్టుమీదికి తీసుకెళ్ళారు. ఆవిడకు చదువు రాదు.

“అమ్మా, మా పిల్ల ఏం పని చేసేదో చాలామంది చెప్పారు. నాకు బోధపడలేదు. నువ్వు చెప్పు.”

చెప్పడం నాకూ చేతకాలేదు. ఫోన్‌లో అక్క తయారుచేసిన ఒక సైట్ తెరిచాను. ద్వారకా తిరుమల వెళ్ళేవాళ్ళకు గదులిచ్చే ఒక లాడ్జిది. నీలం అక్షరాలను చూపించి, “ఇక్కడ ‘కొండమీదికి మెట్ల దారి’ అని రాసిందండి. నొక్కండి” అన్నాను.

ఆవిడ చీర చెంగుతో వేలు తుడుచుకుని నొక్కారు. ఎండపడుతున్న మెట్లు తెరనిండా వచ్చాయి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“చెప్పిందే వచ్చిందమ్మా” అన్నారు.

“అవునండి. అదే ఆవిడ పని.”

ఆవిడ ఫోన్‌ను తన రెండు చేతుల్లోకి తీసుకుని, గట్టుమీద కూర్చున్నారు. “ఇక్కడేం రాసిందమ్మా?” అని ఒక్కొక్క నీలం మాటా చూపించి అడిగేవారు. నేను చదివేదాన్ని. ఆవిడ నొక్కి, వచ్చినదాన్ని తృప్తిగా చూసుకుని, మళ్ళీ ఇంకో మాట దగ్గర వేలు ఆపేవారు. చెరువు మీదుగా కొంగలు కొల్లేటి వైపు పోతున్నాయి. వెలుగు తగ్గేకొద్దీ ఫోన్ కాంతి ఆవిడ ముఖం మీద పడుతోంది, వేలు తరువాతి మాటను వెతుక్కుంటోంది.