మగ్గం గుంతలో పన్నెండో సెల్

ఆ రోజు పొద్దున తొమ్మిదింబావుకు, ఆదోనిలో మా ఇంటి వరండాలో, నేను నా చేతులతో చేసిన బ్యాటరీ మండిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కుక్కర్ కూత వెయ్యబోయే ముందు వచ్చే సన్నని బుస లాంటిది వినిపించింది. తర్వాత తెల్లటి పొగ, ఆ పొగలోంచి మూరెడు మంట. నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న నాకు లేవాలని కూడా తోచలేదు.

వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యో, మంట లేస్తాంటే సూస్తా కూసున్నావే! లెయ్!"

నా భుజం పట్టి వెనక్కి లాగింది ఆమే, మెయిన్ ఆపిందీ ఆమే. ఛార్జింగ్ పెట్టినప్పుడు పక్కన బకెట్‌తో ఇసుక పెట్టుకోవడం నా అలవాటు. ఆ ఇసుకను మంట మీద కుమ్మరించింది కూడా ఆమే.

"దినామూ ఆ బకెట్ కాలికి తగులుతాందని తిడ్తాంటి. నీకోసరం కాదు, నాకోసరం పెట్టినావా?" అంది రొప్పుతూ.

నవ్వు రాలేదు. బండ మీద పెట్టాను కాబట్టి బండ నల్లబడటం తప్ప నష్టమేమీ జరగలేదు. నేను స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. దూదిపింజలు ఎగిరే షెడ్లలో ఒక్క నిప్పురవ్వ కూడా పుట్టకుండా చూడటమే నా ఉద్యోగం. గంటగంటకూ మీటర్ల రీడింగు రాసే ఆ అలవాటే ఇంట్లో డైరీగా మారింది. రిటైరయ్యాక పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, లోపలి బొటనవేలంత సెల్లులు తీసి, వాటితో రేడియోలకూ దీపాలకూ బ్యాటరీలు కట్టడం నాకు కాలక్షేపమైంది. ప్రతి సెల్‌కూ నంబరు వేస్తాను. ఏ సెల్ ఎంత వోల్టేజీతో వచ్చింది, ఎంతసేపట్లో నిండింది, ఏ బ్యాటరీలోకి పోయింది, అంతా రాస్తాను.

పొగ ఆరాక ఇసుకలోంచి కాలిన డొక్కును పట్టుకారుతో పైకి తీశాను. మూడు సెల్లుల్లో చీలిపోయింది ఏడో నంబరు. డైరీ తెరిచి ఏడో నంబరు పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. నాలుగు నెలల కిందటి పేజీలో, నా గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది:

"ఏడు, పన్నెండు నంబర్ల సెల్లులు పూర్తిగా చచ్చి ఉన్నాయి. ఒక వోల్టు కూడా లేదు. సన్నని కరెంటుతో నెమ్మదిగా ఎక్కించాను. సాయంత్రానికి రెండూ నిండాయి. బతికాయి!"

చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టుకున్నాను. అంత కిందికి పడిపోయిన లిథియం సెల్ లోపలే దెబ్బతింటుందనీ, దాన్ని మళ్లీ ఛార్జి చెయ్యకూడదనీ నాకు తెలియక కాదు. పక్క పేజీలోనే రాసి ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు, అంతే. ఛార్జి ఎక్కువైతే ఆపేసే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి పైన కాపలాకు కట్టాను కదా అని ధైర్యం. లోపల కుళ్లిన సెల్‌ను బయటి బోర్డు ఏం కాపాడుతుంది?

ఆ కిందనే ఇంకో వాక్యం ఉంది.

"ఏడు మన రేడియో బ్యాటరీలోకి. పన్నెండు ఎమ్మిగనూరు మగ్గం దీపానికి."

ఎమ్మిగనూరులో నా చిన్ననాటి స్నేహితుడు ఉన్నాడు. గుంత మగ్గం మీద చీరలు నేస్తాడు. కంటిచూపు తగ్గింది, కరెంటు పోతే పోగు కనబడదు. అందుకని మగ్గం మీద వేలాడదీసుకునే దీపం, దానికొక బ్యాటరీ చేసి ఇచ్చాను. రోజూ తొమ్మిదింటికి మగ్గంలో కూర్చునే ముందు ఛార్జింగ్ పెడతానని అతనే చెప్పాడు. ఇప్పుడు టైము తొమ్మిదిన్నర. ఆ ఇంట్లో ఏ మూల చూసినా నూలే.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. నేసేటప్పుడు ఫోన్ లోపలి గూట్లో పెడతాడు, ఆ చప్పుడులో వినబడదు. మళ్లీ చేశాను. ఆ వీధిలో నాకు తెలిసిన నంబరు అదొక్కటే. కాలిన డొక్కును కాగితంలో చుట్టి, డైరీ, మీటరు, పట్టుకారు సంచిలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తాను.

బస్సు నిండా కూలికి పోయే ఆడవాళ్లు. ముందు సీటు దొరికింది. పక్కన కౌతాళం నుంచి వస్తున్నానన్న ఒక పెద్దాయన నన్ను కాసేపు చూసి, "ఏమప్పా, డ్రైవరు ఆడుంటే నువ్వు ఈడ్నుంచి తోల్తాండావే? ఎనక్కి ఆనుకో, బస్సు అదే పోతాది," అన్నాడు. వెనక ఆడవాళ్లు నవ్వారు. నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. చేసిన ప్రతిసారీ టైము డైరీలో రాశాను. ఎందుకు రాశానో నాకు తెలియదు. ఊరు దగ్గరపడేకొద్దీ ఇళ్ల మీద పొగ ఏమైనా లేస్తోందా అని చూస్తున్నాను. రెండుచోట్ల లేచింది. రెండూ హోటళ్ల పొయ్యిలే.

వాళ్ల వీధి మలుపులో మగ్గం చప్పుడు వినబడింది. ప్రాణం లేచొచ్చింది. గడప దాటేసరికి అతను గుంతలో కాళ్లు వేలాడేసి, నడుం దాకా మునిగి, నాడె విసురుతున్నాడు. నాడె అంటే పేకపోగును అటూ ఇటూ తీసుకుపోయే చిన్న చెక్క పడవ లాంటిది. నన్ను చూసి ముఖం వెలిగింది.

"ఏమప్పా, సెప్పకుండానే వచ్చినావు! సద్ది మూట కట్టుకోని వచ్చినావా ఏంది ఆ సంచిలో?"

"బ్యాటరీ యాడుంది?" అన్నాను.

"ఏంది ఆ అరుపు? ఈడే ఉంది."

"ఈడ అంటే యాడ?"

"కాళ్ల కాడ."

అర్థం కాలేదు. వంగి చూశాను. గుంత అడుగున, తొక్కుడు చెక్కల పక్కన, ఛార్జి ఎక్కుతోందని చెప్పే ఎర్ర చుక్క వెలుగుతోంది. పైనుంచి ఒక వైరు లోపలికి దిగింది. బ్యాటరీ మీద పక్షిగూడులా తెగిన నూలు పోగులు కప్పి ఉన్నాయి. అతని ఎడమ పాదం చెక్కను తొక్కినప్పుడల్లా ఆ నూలు కదులుతోంది.

"నువ్వే గదా సెప్పింది యేడి తగలకూడదని," అన్నాడు అతను తాపీగా. "ఈ ఎండలకు ఇల్లంతా కాలుతాంది. ఉన్నదాంట్లో సల్లని జాగా ఈ గుంతే. దుమ్ము పడకుండా నూలు కప్పినా. బిడ్డ మాదిరి సూసుకుంటాండా, అంత బయమేల నీకు?"

అవును, నేనే చెప్పాను. బ్యాటరీ ఇచ్చిన రోజు, వేడికి పెట్టొద్దు అని ఒక్క మాట చెప్పాను. బండ మీద పెట్టాలనీ, దగ్గర గుడ్డలూ నూలూ ఉండకూడదనీ, ఇసుక పక్కనుండాలనీ, కళ్లెదుట ఉండగానే ఛార్జి చెయ్యాలనీ నా డైరీలో రాసుకున్నాను. అతనికి చెప్పలేదు.

గోడ దగ్గరి స్విచ్ ఆపాను. "పైకి రా" అన్నాను.

"ఈ పువ్వు అయిపోనీ. నాలుగు పోగులు..."

"రా!"

అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. ఆ అరుపుకు అతని భార్య లోపల్నుంచి వచ్చింది. అతను చేతులు ఊని ఒక కాలు పైకి తీశాడు, తర్వాత రెండోది. ఆ రెండు పాదాలనూ నేను లెక్కపెట్టినట్టే చూశాను.

పట్టుకారుతో నూలు తొలగించి, బ్యాటరీని అందుకుని, ఎదురింటి ముందు పోసిన ఇసుక కుప్పలో పెట్టాను. అందరినీ దూరంగా నిలబెట్టాను. అరగంట చూశాం. ఏమీ కాలేదు. ఎండలో ముగ్గురు ముసలివాళ్లం ఇసుక కుప్పను చూస్తూ నిలబడితే, దారిన పోయేవాళ్లు ఏం పోగొట్టుకున్నారని అడిగారు.

"ఏం కాల్యా గదప్పా. ఇంగ పెట్టుకుందునా?" అన్నాడు అతను.

మీటరు పెట్టి చూశాను. రెండు సెల్లులు నిండుగా ఉన్నాయి. పన్నెండో నంబరు వాటికంటే ఒక వోల్టు కింద ఉంది. చేత్తో తాకితే ఇంకా వెచ్చగా ఉంది.

"నిండినాక పచ్చ దీపం వస్తాందా?" అని అడిగాను.

"నెల నుంచి రాల్యా. మజ్జాన్నం దాకా ఎర్రగానే ఉంటాది. పాతది గదా, నిదానంగా తాగుతాందిలే అనుకున్నా. నువ్వు సేసిందే గదా."

నువ్వు చేసిందే గదా. ఆ మాట ఫిర్యాదులా అనలేదు అతను.

సంచిలోంచి కాగితం తీసి, కాలిన డొక్కును అతని అరచేతిలో పెట్టాను. ఇనుప తొడుగు అరటితొక్కలా చీలి ఉంది. "ఈ పొద్దున మా ఇంట్లో అయింది. నీది దీని జతదే," అన్నాను.

అతను దాన్ని తిప్పి చూశాడు. గుంత వైపు చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు. గడప మీద కూలబడ్డాడు.

"దీపం ల్యాకున్నా తడుముకోనైనా నేస్తాడన్నా," అంది అతని భార్య నాతో, మెల్లగా. "కాళ్లు ల్యాకుంటే యాడ తొక్కుతాడు?"

ఆమె తెచ్చిన చెంబు అందుకుని నీళ్లు తాగాను. అప్పుడు అతను తలెత్తి అడిగాడు.

"ఇట్లాంటివి ఇంగెవరికన్నా ఇచ్చినావాప్పా?"

లేదన్నాను. రెండే బతికించాను, రెండూ లెక్కకొచ్చాయి. నా డైరీ తప్పు చెప్పదు. అయినా అదే గడప మీద అతని పక్కన కూర్చుని, డైరీ మొదటి పేజీ నుంచి ఒక్కొక్క నంబరే వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. సగం దాకా వచ్చాక, ఒక పేజీ సరిగా చూశానో లేదో అనిపించింది. మళ్లీ మొదటి పేజీకి పోయాను.