తడిస్తే లేచే అక్షరాలు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా గల్లీ చివరి గోడ మీద వాన పడితే ఎర్ర అక్షరాలు లేచేవి, ఎండ రాంగనే మాయమయ్యేవి. దయ్యం గియ్యం ఏం లేదు. అడవి అన్నలు, అంటే నక్సలైట్లు, రాసిన నినాదాల మీద పోలీసులు సున్నం కొట్టించిండ్రు. సున్నం తడిస్తే కింది రంగు కనబడేది, ఆరితే మళ్ళ తెల్లగయ్యేది. ఇదంతా ఇప్పటి తెలివి. అప్పుడైతే చినుకు పడంగనే జనం ఆ దిక్కు చూడకుండ తలుపులు పెట్టుకునేది చూసి నా వీపు మీద చీమలు పాకినట్టుండేది.

నేనప్పుడు ఏడో తరగతి, బడి వదిలినంక అమ్మతో బీడీలు చుట్టేదాన్ని. చదువులో వెనక బెంచీ, మాటల్లో ముందు బెంచీ. ఏ ముచ్చటా నా కడుపులో ఒక పూట ఆగేది కాదు. "రేడియోకన్న బందుచేసే గుండీ ఉంటది, దీనికి అది సుత లేదు" అనేది అమ్మ.

ఆ ఏడు మా తరగతి పిల్లలందరి ఫోటోలు అంటించి ఒక యాది పుస్తకం చేయాలన్నరు సార్లు. బడి పండుగకు ఠాణా పెద్దసారు వస్తడట, ఆయన ముందర పెట్టాలె. బొమ్మలు బాగ గీస్తనని అట్టా, పుటల అందమూ నా మీద పడేసిండ్రు. అట్ట మీదికి మంచి నమూనా కోసం ఊరంత తిరిగిన. మందుల డబ్బాలు చూసిన, చీరల అంచులు చూసిన. ఏదీ కంటికి ఆనలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం అకాల వాన పడ్డది, గోడ మీద అక్షరాలు లేచినయి. అంత అందమైన అక్షరాలు నేనెక్కడా చూడలేదు. ఒక్కొక్కటి తోక ఎత్తిన తేలు లెక్క ఉన్నది. మొదటి మాటే 'విద్యార్థుల'. మా పుస్తకం పేరు 'విద్యార్థుల యాది' అయితే ఎంత బాగుంటదో అనుకున్న.

నెత్తి మీద కప్పుకున్న ఎరువు సంచి లోపలి పలచటి కవరును గోడకు పరిచి, మేకుతో గీకుకుంట పోయిన. గల్లీల నరపురుగు లేదు. చివరి 'ల' తోక మిగిలింది. దాని పొడుగును జేబుల ఉన్న బీడీ దారంతో కొలిచి రెండు కొసలకు ముడులేసుకున్న. తల ఎత్తేసరికి ఎండ. నా కండ్ల ముందరే అక్షరం గోడలోపలికి పోయింది, ఎవరో లోపలి నుంచి గుంజుకున్నట్టు.

పక్కింటి కాక దుకాణాల బోర్డులు రాసేటోడు. ఆయన అక్షరాలు బడిపిల్లల లెక్క చేతులు కట్టుకొని నిలబడేవి, తోకలు గీకలు ఏం ఉండేవి కాదు. కవరు తీస్కపోయి ఆయన ముందర పరిచిన. ఎక్కడిదని అడగలేదు. సగం అక్షరం మీదనే ఆయన చూపు ఆగింది. పనిమంతుడికి సగం అక్షరం కంట్లో నలుసు కావచ్చు, చేతిల కుంచె దానంతట అదే కదిలింది. ఒక్క గుంజు. తేలు కొండి లేచింది.

నేను దారం తీసి ఆ తోక మీద పెట్టిన. ముడి నుంచి ముడికి సరిపోయింది.

"కాకా, గోడ కొలత నీకెట్ల ఎరుక?" అని నవ్విన.

కాక నవ్వలేదు. ఆయన మొఖం సున్నం కొట్టినట్టయింది. కుంచె నుంచి ఎర్ర చుక్క ఒకటి నేల మీద పడ్డది. గోడ మీద రాసిన చెయ్యి ఎవరిదో నాకు అప్పుడు సమజైంది. గోడ రాతల మీద అనుమానంతో పక్క గల్లీ పిల్లగాన్ని పోలీసులు పట్టుకపోయి నెల కాలేదు. తిరిగొచ్చిండు గాని, మాటే రాలేదు.

కాక బతిమాలలేదు, బెదిరియ్యలేదు. కవరును పొయ్యిల పెట్టిండు. తర్వాత మా అరుగు మీదున్న నా బీడీల చాటలో నుంచి తునికాకు కత్తిరించే కొలత రేకు తీసిండు.

"బిడ్డా, రోజూ చేతుల పట్టుకునేదాన్ని ఎన్నడన్న చూసినవా?"

ఆ రేకును కాగితం మీద పెట్టి చుట్టూ గీసిండు, పక్కకు జరిపి మళ్ళ గీసిండు. పుటంతా వరుస గళ్ళు. గడికొక ఫోటో, చుట్టూ ఆకు ఈనెల అంచు. ఫోటో దిగలేని పిల్లల గళ్ళల్లో ఆకుకు రంగు పూసి అచ్చు వేసినం. పొద్దు గూకేసరికి పుస్తకానికి మొఖం వచ్చింది.

బడి పండుగనాడు ఠాణా పెద్దసారు పుటలు తిప్పి తిప్పి చూసిండు. "ఎవరు నేర్పిండ్రమ్మా నీకు గింత అందంగ?"

బడి బ్యానరు కట్టడానికి వచ్చిన కాక జనం వెనక నిచ్చెన పట్టుకొని నిలబడ్డడు. నా నాలుక చివర ఆయన పేరు దురద పెట్టింది.

"మా ఇంటి బీడీ రేకు, సారూ!"

అందరు పకపక నవ్విండ్రు. పెద్దసారూ నవ్విండు. కాక నిచ్చెన ఎక్కి బ్యానరు తాడు బిగించిండు.

ఆ ఏడే నా చదువు బందైంది, బీడీల చాట ముందర కూసున్న. ఆ ముడుల దారంతో ఒక బీడీ కట్టి కట్టలో కలిపేసిన. ముక్కు మొఖం తెలియనాయన ఎవరో తాగి పారేసి ఉంటడు. కాక ముసలోడై పోయేదాక ఆ ముచ్చట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ నలుగురిని నవ్వియ్యందే నాకు పొద్దుపోదు. కాని నోరు తెరిచే ముందర ఒక్క గడియ ఆగుత, నా మాట ఎవరి గోడను తడుపుతదో చూసుకుంట.