భాస్వరం తగలని రెండు సాళ్ళు

మిరప మొక్కకు నీళ్ళు అందకపోతే దాని ప్రోటీన్లలో కొన్నిటికి ఫాస్ఫేట్ వచ్చి అతుక్కుంటుంది. దాహమేస్తోందని మొక్క లోలోపల పంపుకునే కబురు అది. ఆ కబురు చదవడమే గుంటూరులో నా పరిశోధన. ప్రోటీన్లను ముక్కలు చేస్తే, వేల ముక్కల్లో ఏ కొన్నిటికో ఫాస్ఫేట్ ఉంటుంది. వాటిని ముందే ఏరి ఇవ్వకపోతే, ముక్కలను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రం మిగతావాటి గోలలో వాటిని పట్టుకోలేదు. ఏరడానికి టైటానియం పూసలు వాడతాం. ఫాస్ఫేట్ ఉన్న ముక్కలు పూసలను పట్టుకుంటాయి, తక్కినవి కడిగితే పోతాయి. గుంపులోంచి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచే దేవుణ్ణి నమ్ముతూ పెరిగినదాన్ని, ఈ పని నాకు మొదటిరోజే నచ్చింది.

ఆకులు మా చర్చి సంఘ పెద్ద పొలంలోవి. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి, బాబాయ్ అంటాను. నా కోసం కొన్ని సాళ్ళకు నీళ్ళు ఆపేశాడు.

మొదటి విడత ఆ యంత్రం ఉన్న హైదరాబాదు ల్యాబుకి పంపాను. యంత్రం నడిపే ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, ఫాస్ఫేట్ ముక్కలు దాదాపు లేవండి. పూసలు ఇంకేదో పట్టుకుని నిండిపోయినట్టున్నాయి. ఆకుల మీద ఏమైనా చల్లారా?"

"లేదండీ."

"అడిగి చూడండి. పదిరోజుల్లో మీకింకో రోజు ఇవ్వగలను. అది పోతే వచ్చే పంటకే."

వచ్చే పంటంటే నా థీసిస్‌కి ఒక ఏడాది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద బాబాయ్‌ని పట్టుకున్నాను.

"ఎండబెట్టిన సాళ్ళ మీద ఏమన్నా కొట్టావా?"

"కొట్టకేం చేస్తానే! ప్రాణం ఉసూరుమంటుంటే చూస్తూ ఊరుకోమంటావా? భాస్వరం కలిపి ఒక్క ట్యాంకు కొట్టా. నీ చదువుకి వాడిపోయిన ఆకులిస్తే బాగుంటదా?"

ఎరువుల్లో భాస్వరమంటే ఫాస్ఫేటే. పూసలన్నీ దానితోనే నిండిపోయాయి. తప్పు ఆయన ఒక్కడిదే కాదు. పూసల ముందు ఉప్పులు కడిగే మెట్టు ఒకటుంది, కొన్ని ముక్కలు పోతాయన్న భయంతో నేనే దాన్ని దాటేశాను. ఇప్పుడు కడిగితే ఆ ఫాస్ఫేట్ పోతుంది గానీ, మందు తాగిన మొక్క చెప్పేది దాహం కబురు కాదు.

"అన్నిటికీ కొట్టావా బాబాయ్?"

ఆయన ముఖం చిన్నబోయింది. "పొలం అంచున రెండు సాళ్ళకి మందు చాలలా. అవి చచ్చేట్టున్నాయి."

పొలం అంచులు పూర్తిగా కోయకుండా లేనివాళ్ళకు వదలాలని సండే స్కూల్లో నేర్పింది ఆయనే. ఆ అంచు నా కోసం మిగిలిందని నాకు సందేహం లేదు. సోమవారం ఆ రెండు సాళ్ళ ఆకులూ, పోల్చి చూడడానికి నీళ్ళు పెట్టిన సాళ్ళ ఆకులూ కోసి, లోపలి కబురు మారిపోకుండా కోసిన క్షణమే ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించాను. ఈసారి ఏ మెట్టూ దాటలేదు. ముక్కలు చేసి, ఉప్పులు కడిగి, ప్రార్థించి, పూసలు కలిపాను. మొదటి విడత లెక్కలోకి రాదని, ఎందుకు రాదో మా గైడ్‌గారికి రాసిచ్చాను.

హైదరాబాదు నుంచి ఫలితం వచ్చింది. నీళ్ళు పెట్టిన మొక్కల్లో లేని ఫాస్ఫేట్ ముక్కలు ఎండిన మొక్కల్లో బారులు తీరి కనిపించాయి.

ఆదివారం గుడి మెట్ల మీద ఈసారి బాబాయే నన్ను ఆపాడు.

"ఏమన్నాయే నా మొక్కలు?"

"దాహమన్నాయి బాబాయ్."

"ఆ మాత్రం నన్నడిగితే చెప్పనా! అందుకేగా మందు కొట్టింది!"