ఎడమకు లాగిన జీపు

నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవులయి బడి తెరిచిన రోజుల్లో, మా నాయన పని నుంచి రాగానే గడప మీద కూర్చుని కుడి భుజం పిసకమనేవాడు. కోలారు జిల్లా బూదికోట దగ్గర ఒక మామిడితోట యజమానికి ఆయన జీపు నడిపేవాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత బండి అది. తోటలో బురదయినప్పుడు గేరు పక్కనున్న రెండో కడ్డీ లాగితే ముందు చక్రాలు కూడా తిరిగి బండి బయటపడేది. అంత మొండి బండికి కొన్నాళ్ళుగా ఒక జబ్బు పట్టుకుంది. తిన్నగా పోతున్నా ఎడమకు లాగేది. దాన్ని రోడ్డు మీద నిలపడానికి నాయన పొద్దస్తమానం స్టీరింగును కుడివైపుకు బిగబట్టి ఉండాల్సి వచ్చేది.

ఈ సంగతి ఆయన యజమానికి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి నేను పక్కనే ఉన్నాను. "బండి ఎడమకి లాగుతా ఉండాదప్పా, ఒకసారి రిపేరు షెడ్డుకు పంపండి" అన్నాడు. కాయ కోతకొచ్చిన రోజులు. శ్రీనివాసపురం మండీకి రోజూ సరుకు పోవాలి. బండిని నిలపడం యజమానికి ఇష్టం లేదు. "లాగేది బండి కాదు, నిన్ను సారాయంగడి లాగుతా ఉండాది" అన్నాడు. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నాయన అంతకు ముందు తాగేవాడు. అది దాచను. అమ్మ కాన్పుకని కోలారు బంగారు గనుల్లో ఉన్న తాత ఇంటికి పోతూ ఆయన దగ్గర మాట తీసుకుంది. ఆ రోజు నుంచి ఆయన ముట్టలేదు. కానీ పదేళ్ళ పిల్లకు అలాంటి మాటల మీద అంత నమ్మకం ఉండదు. నేను రోజూ ఆయన్ని కనిపెట్టి ఉండేదాన్ని.

ఒక పొద్దున ఆయన దగ్గుతూనే లేచాడు. నా జడకు రిబ్బను కట్టడానికి వంగినప్పుడు నోట్లోంచి ఘాటైన వాసన వచ్చింది. అదేమిటని అడగలేదు. మొహం తిప్పుకుని బడికి పోయాను.

బడికే కబురొచ్చింది. ఎదురుగా లారీ రావడంతో నాయన బ్రేకు తొక్కాడట. జీపు ఒక్కసారిగా ఎడమకు తిరిగి, రోడ్డు వారన డెయిరీకి పాలు మోసుకుపోతున్న మా పక్కింటి అక్కను గుద్ది, గుంతలోకి దిగింది. ఆమె కాలు నుజ్జయింది. నాయన ఆమెను చేతుల మీద ఎత్తుకుని, అదే లారీలో ఆస్పత్రికి తీసుకుపోయాడు.

మధ్యాహ్నం యజమాని మా ఇంటికి వచ్చాడు. అంత పెద్దమనిషి నా ఎదురుగా గొంతుక్కూర్చుని, నా చేతిలో రెండు బాదామి మామిడిపళ్ళు పెట్టాడు.

"పొద్దున మీ నాయన నోట్లో వాసన వచ్చిందా పాపా?"

వచ్చిందన్నాను.

"సారాయి వాసనే కదా?"

అవునన్నట్టు తల ఊపాను. ఎందుకు ఊపానని నన్ను నేనే ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. భయం కొంత, కోపం కొంత. అమ్మకు ఇచ్చిన మాట తప్పాడని, అమ్మ తరఫున నేను ఫిర్యాదు చేస్తున్నాననుకున్నాను. యజమాని నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

మరునాడు తోటలో ఊరి పెద్దలు పంచాయితీకి కూర్చున్నారు. నన్నూ పిలిపించారు. నాయన ఆస్పత్రి నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. చొక్కా మీద ఇంకా రక్తం మరకలున్నాయి. బండి లాగుతోందని మూడుసార్లు చెప్పానని ఆయన అంటుండగానే, "నీ కూతురే చెప్పిందప్పా నువ్వు తాగినావని" అన్నాడు యజమాని.

నాయన నావైపు చూశాడు. అందరూ చూశారు. ఆయన మెల్లగా, "నా కూతురు అబద్ధం చెప్పదు. వాసన వచ్చింటాది. దగ్గుమందు తాగినాను" అన్నాడు. ఎవరో పకపకా నవ్వారు.

అప్పుడే, కబురంది మా తాత బస్సు దిగి వచ్చాడు. మా అమ్మకు నాన్న ఆయన. జీవితమంతా గని వర్క్‌షాపులో యంత్రాలు బాగుచేసినవాడు. ఎవరితోనూ వాదించలేదు. "బండిని ఒకసారి చూస్తానప్పా" అని మాత్రం అన్నాడు. చూసుకోమన్నాడు యజమాని. గుంతలోంచి లాగించి తోటలో నిలిపిన జీపు దగ్గరికి తాత నన్ను చేయిపట్టుకుని తీసుకుపోయాడు.

ముందు టైర్లలో గాలి చూశాడు. రెండూ సమంగానే ఉన్నాయి. ముందు టైర్లను ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తోట బాటలో నడిపాడు. బండి ఎడమకే పోయింది. "టైరుదే తప్పయితే ఇప్పుడు కుడికి లాగాల కదమ్మా" అన్నాడు. రెండో కడ్డీ ఇరుక్కుని ముందు చక్రాలకు ఇంజను బలం అందుతూనే ఉందేమోనని చూశాడు. లేదు. దిగి బ్రేకు డ్రమ్ముల మీద అరచెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా పెట్టించాడు. ఒక వైపు బ్రేకు పట్టేసి ఉంటే ఆ వైపు కాలాలి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

తర్వాత తాడు తెమ్మన్నాడు. కుడి వైపు వెనక చక్రం నడిమధ్యన ఒక కొన నన్ను పట్టుకోమని, రెండో కొన ముందు చక్రం నడిమధ్యకు లాగి, అక్కడికి గుర్తుగా తాడుకు ముడి వేశాడు. ఎడమ వైపుకు పోయి అలాగే పట్టాం. ముడి ముందు చక్రం మధ్యను దాటిపోయింది. మూడు వేళ్ళ తేడా. ఎడమ వైపు ముందు చక్రం ఉండాల్సిన చోటు కన్నా వెనక్కి జరిగి ఉంది.

తాత బండి కిందికి దూరి చాలాసేపు రాలేదు. ఇరుసును, బండి బరువు మోసే కమాన్ పట్టీలకు పట్టి ఉంచే బోల్టులు వదులై, పట్టీల నడుమ ఉండే ఒక్క బోల్టు విరిగింది. పట్టు లేని ఇరుసు ఎడమవైపు వెనక్కి జారింది. ఆయన విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"గుంతలో పడినప్పుడు విరిగింటాది" అన్నాడు యజమాని.

"నిన్న విరిగింటే విరిగిన చోట తెల్లగా మెరిసేదప్పా. చూడండి, తుప్పు పట్టుండాది. శానా దినాలుగా పగిలే ఉండాది ఇది."

పెద్దల్లో ఒకాయన ముక్కను చూసి తల పంకించాడు. నాకు ధైర్యం వచ్చింది. "నాయనది దగ్గుమందు వాసనే. నాకు తెలీక చెప్పినాను" అన్నాను గట్టిగా. యజమాని నావైపు చూడను కూడా చూడలేదు. "ఇది తాత నేర్పిన మాట" అన్నాడు. ముక్కను తాత చేతిలోంచి తీసుకుని, కంచె అవతలి పొదల్లోకి విసిరేశాడు. తల పంకించిన పెద్దాయన తుండు దులుపుకుని లేచాడు.

నిన్నటి నా తల ఊపు సాక్ష్యమైంది. ఈ రోజు నా మాట చిలక పలుకయింది.

తాత నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి నడుస్తూ ఒక్క మాటన్నాడు. "బండి పక్కకి లాగితే నాలుగు చోట్ల చూసినాను కదమ్మా. ఇనుము అది. మీ నాయన్ని నువ్వు ఒక్క మాట అడగలేకపోయినావే."

ఆ వారంలోనే యజమాని వేరే ఊరి షెడ్డులో బండి బాగుచేయించి, కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు. తాగి మనిషిని గుద్దినవాడని చుట్టుపక్కల ఎవరూ నాయనకు బండి ఇవ్వలేదు. ఆయన మండీలో లారీలకు మామిడి బుట్టలు ఎత్తే పనికి పోయాడు. ఏడాది తిరిగేసరికి నిజంగానే తాగడం మొదలుపెట్టాడు. తాగుబోతన్న పేరు ముందొచ్చింది, తాగుడు తర్వాత వచ్చింది. అమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. నాయన మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. పెద్దయ్యాక ఒకసారి నేనే క్షమించమని అడగబోతే, "వదిలెయ్యమ్మా, చిన్నపిల్లవి" అని లేచి బయటికి పోయాడు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు.

నాయన పోయాక, ఆయన్ని మా చర్చి వెనక మట్టి చేసిన రోజు పక్కింటి అక్క కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చింది. అందరూ పోయాక నా పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు నన్నెత్తుకొని ఏడస్తా పరిగెత్తినాడు పాపా. ఆయన మొకం నా మొకం మీదనే ఉండింది. దగ్గుమందు వాసన తప్పితే ఇంగేమీ లేదు."

"మరి అప్పుడెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నన్నెవరు అడిగినారు?" అంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. గనులు మూతపడ్డాయి, తాత లేడు, ఆ యజమానీ లేడు. ఎవరి గురించైనా ఎవరైనా నన్ను అవునా కాదా అని అడిగితే వెంటనే చెప్పలేను. తెలియదు, కనుక్కుని చెబుతానంటాను. కోడళ్ళు విసుక్కుంటారు, ఇరుగుపొరుగు నాన్చుడు మనిషినంటారు. పదేళ్ళ పిల్ల తల ఊపుకు ఎంత బరువుంటుందో ఆ రోజు యజమాని ఒక్కడికే తెలుసు. నాకు ఆలస్యంగా తెలిసింది.